బాంబరు తోకలో ఎనిమిదో కుర్చీ

శృంగవరపుకోట వెళ్తున్నానంటే మా రేపల్లెలో ప్రతివాళ్లూ "అరకుకేనా?" అన్నారు. కాదండీ, విమానం చూడ్డానికి అన్నాను. విమానం చూడాలంటే గన్నవరం చాలదా, అంతదూరం దేనికన్నాడు మా తమ్ముడు. అది ఎగిరే విమానం కాదురా, ఎనభై ఏళ్ల కిందట కొండ మీద పడిపోయింది అన్నాను. పడిపోయినదాన్ని చూడ్డానికి టికెట్టు కొనుక్కుని వెళ్లేది లోకంలో నువ్వొక్కదానివే అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. వెళ్దామా వద్దా అని అప్పటిదాకా ఊగిసలాడుతున్నదాన్ని, ఆ నవ్వు వినగానే వెళ్లి బ్యాగు సర్దేశాను.

సోషల్ టీచరుగా ముప్పై ఏళ్లు రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెప్పాను. నా దృష్టిలో ఆ యుద్ధమంటే పటం మీద బాణం గుర్తులు, పరీక్షలో అయిదు మార్కులు. ఆ బాణాల్లో ఒకటి మన ఉత్తరాంధ్ర కొండల మీదుగా కూడా పోయిందని నాకెవరూ చెప్పలేదు, నేను పిల్లలకూ చెప్పలేదు. రిటైరయ్యాక, ఒకప్పుడు నాతో పనిచేసిన విజయనగరం టీచరు ఫోనులో ఒక ఫోటో పంపింది. గోగునార గొడౌనులో సగం విమానం, దాని ముక్కు దగ్గర చెక్క సుత్తి పట్టుకుని ఒక పెద్దాయన. "మా చుట్టాల ఊరే. ఒక్కడే కూర్చుని కడుతున్నాడు. వెళ్లి చూసిరా" అని కింద రాసింది. ఆ ఫోటోను వారం రోజులు చూశాను. కలలో కూడా అదే గొడౌను.

విజయనగరంలో మంచు

రైలు తెల్లవారుజామున దింపింది. పుష్యమాసం చివరి రోజులు. స్టేషను బయట మంచు ఎంత దట్టంగా ఉందంటే, టీ కొట్టు ఎక్కడుందో స్టవ్వు చప్పుడును బట్టి వెతుక్కున్నాను. టీ పది రూపాయలు. అల్లం ఘాటుగా ఉంది, పంచదార మాత్రం మావైపు పోసేదాంట్లో సగం. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి "ఎటేపమ్మా?" అన్నాడు. ఎస్.కోట అన్నాను. "అరకుకేటి?" అన్నాడు. ఇక నేను జవాబు చెప్పడం మానేశాను.

బస్సు కిటికీలోంచి చూస్తే నేల కనపడదు. తాటిచెట్ల తలలు మాత్రం గాలిలో వరసగా వెళ్తున్నాయి. ఉన్నట్టుండి ఒక వరికుప్ప దగ్గరికొచ్చి, నన్ను చూసి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయేది. నిద్రో మెలకువో నాకే తెలియలేదు. పక్కనావిడ ఒడిలో ఒక కోడిపుంజు, అది కూడా కళ్లు మూసుకునే ఉంది. కండక్టరు "కోట, కోట" అని అరిచినప్పుడు కోడీ నేనూ ఒకేసారి ఉలిక్కిపడి లేచాం.

కోట పక్కన, కొండ కింద

ఫోటోలోని పెద్దాయన, అప్పలనాయుడుగారు, స్కూటరు మీద వచ్చారు. అరవై ఆరేళ్ల మనిషి, మెడ నిటారుగా, చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా. వాయుసేనలో ఇరవై ఏళ్లు విమానాల రేకుపని చేసి వచ్చారు. "నాది ఇంజను పని కాదండి, ఒంటి పని. దెబ్బ తగిలితే సొట్ట తీస్తాం, చిరిగితే అతుకేస్తాం. మనుసులకి డాక్టర్లున్నట్టే" అన్నారు. వాళ్ల ఊరు కోటకు కొద్ది దూరంలో, సరిగ్గా కొండ పాదం దగ్గర. నాకు వాళ్లింట్లోనే మకాం. ఆయన భార్య రమణమ్మగారు దిగీ దిగగానే చోడి అంబలి గ్లాసు చేతికిచ్చింది. మావైపు రాగిజావ అంటే షుగరొచ్చినవాళ్లు మందులా తాగేది. ఇక్కడ పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకుని హాయిగా తాగుతారు. రెండో గ్లాసు నేనే అడిగాను.

గొడౌనులో ఒకప్పుడు గోగునార కట్టలు పెట్టి జనపనార మిల్లులకు పంపేవారట. గోగు వెయ్యడం తగ్గిపోయి అది ఖాళీ పడింది. తలుపు తీయగానే నానిన నార వాసన. పైకప్పు పగుళ్లలోంచి వెలుతురు గీతలుగా దిగుతోంది. ఆ గీతల మధ్య, మంచు ఇంకా పూర్తిగా వదలని ఆ గదిలో, నాలుగింజన్ల బాంబరు ముక్కు నా వైపు తిరిగి ఉంది. ఇంజన్లు లేవు. ఒక రెక్క మొదలు మాత్రమే ఉంది, రెండోది లేదు. నడుము లేదు. వెనక కొంత జాగా వదిలేసి, దూరంగా తోక ఒక్కటే నేల మీద కూర్చుని ఉంది. అయినా అది విమానమే. ఎవరో దూరం నుంచి వస్తూ మధ్యలో ఆగిపోయినట్టు ఉంది. నాకెందుకో గొంతు తగ్గించి మాట్లాడాలనిపించింది. చూస్తూ వెనక్కి నడిచి రెక్క అంచుకు తల కొట్టుకున్నాను, బొప్పి కట్టింది. నాయుడుగారు ముందు రెక్కను తడిమి చూసి, తర్వాత నన్నడిగారు దెబ్బ తగిలిందా అని.

ఒక్కొక్క రేకూ చూపించి దాని కథ చెప్పారు. విమానం పడ్డాక ఊరివాళ్లు ఎవరికి అందింది వాళ్లు తెచ్చుకున్నారు. తుప్పు పట్టని లోహం, ఎవరు వదులుకుంటారు. ముక్కు పక్క రేకు దూడలకు కుడితి తొట్టిగా ఉండేది. రెక్క అంచు బావి మీద మూత. కిటికీ చట్రం ఒక ఇంట్లో దేవుడి పటానికి ఫ్రేము. ఆరేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకున్నారు. దొరకనిచోట కొత్త రేకు వేశారు కానీ దానికి పాత రంగు పూయలేదు. ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో చూసినవాళ్లకు తెలియాలట. సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చి ముక్కు పక్కన చెయ్యి వేసి "మా తొట్టి బాగున్నాది" అని పలకరించి పోయింది.

ఇంత శ్రమ ఎందుకని అడిగాను. అప్పుడు ఆకుల సంగతి చెప్పారు.

ఆ రోజు చనిపోయిన వైమానికులను వాళ్ల తాతగారూ ఊరివాళ్లూ కొండ దిగువకు మోసుకొచ్చి ఒక రాతి బండ మీద పడుకోబెట్టారట. తర్వాత సైన్యం వాళ్లొచ్చి తీసుకుపోయారు. మరుసటి ఏడు పుష్య అమావాస్య మధ్యాహ్నం, తాత ఆ బండ మీద ఏడు విస్తరాకులు వేసి అన్నం పెట్టాడు. అప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. అన్నం, దప్పళం, గారెలు. దొరలు కదా అని ఆకుకో కోడిగుడ్డు. వాళ్ల నాన్న హయాం వచ్చాక టీ కూడా చేరింది.

"మావైపు రక్తసంబంధం ఉంటేనే పెడతారండి" అన్నాను.

"ఆల్లు మా నేల మీద పోనారు. ఆల్లవోల్లెవులూ ఇక్కడ లేరు. మనం ఎట్టకపోతే మరెవులెడతారు సెల్లెమ్మా?" అన్నారు. పొద్దున మేడమ్‌ని, సాయంత్రానికి చెల్లెమ్మనయ్యాను.

వాళ్ల పేర్లు తెలియవు. ఈయన విదేశాలకు ఉత్తరాలు రాశారు. ఆ రోజుల్లో ఈ తీరాన అలాంటివి మూడు కూలాయి, మీది ఏదో చెప్పలేం అని జవాబొచ్చింది. నంబరు ఉండే రేకు కాలిపోయింది. "పేర్లు మా కాడ లేవు. లెక్కొక్కటే ఉన్నాది. ఆ లెక్క తప్పకూడదు" అన్నారు నాయుడుగారు. విమానం ముక్కులో పాత బోల్టు రంధ్రాలున్న ఏడు చోట్లా కొత్త రేకుతో కుర్చీలు చేసి బిగించారు. నాలుగు రోజుల్లో అమావాస్య. ఈ ఏడు విమానాన్ని బండ దగ్గరికి తీసుకెళ్లి, దాని పక్కనే ఏడాకులూ వెయ్యాలని ఆయన కోరిక.

గజపతినగరంలో చింతపండు

మర్నాడంతా గొడౌనులో రివిట్లు అందిస్తూ గడిపాను. ఆ తర్వాతి రోజు కబురొచ్చింది, గజపతినగరం బజారులో చింతపండు అమ్మే పైడమ్మ దగ్గర విమానం ముక్క ఒకటుందని. ఇద్దరం బస్సెక్కాం. దిగగానే నా చెప్పు తెగింది. నూట యాభై పెట్టి కొత్తవి కొంటే అవి కరిచాయి. నేను కుంటుతూ, ఆయన పరుగెడుతూ బజారు చేరాం.

పైడమ్మకు యాభై ఏళ్లుంటాయి. లోతైన రేకు పళ్లెం లాంటిదాంట్లో చింతపండు గుట్టగా పోసుకుని కూర్చుంది. "మా మావ కోట సంతలో పాతినుముతో పాటు కొన్నాడు. నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ ఇందులోనే ఎట్టి అమ్ముతన్నాను. ఇటు సూడండి, తుప్పన్నది లేదు" అంది. నాయుడుగారు చింతపండు గోనె మీదకు ఒంపి, పళ్లెం బోర్లించారు. అడుగున నాలుగు రంధ్రాలు. జేబులోంచి ముడులు వేసిన దారం తీసి కొలిచారు. మళ్లీ కొలిచారు. అక్కడే చింతపిక్కల మధ్య కూలబడ్డారు.

"ఇది తోకలో కుర్చీ" అన్నారు.

తోక లోపల నాలుగు రంధ్రాలున్నాయని ఆయనకు ముందే తెలుసు. వాటికి ఏదో పెట్టె బిగించి ఉంటారనుకున్నారు. కొన్ని విమానాల్లో ఏడుగురే వెళ్లేవారు, కొన్నింట్లో ఎనిమిది, పదిమంది కూడా. తాత ఏడాకులు వేశాడు కాబట్టి దీంట్లో ఏడుగురే అని ఆయన నమ్మకం.

"కుర్చీ ఖాళీగా ఉండి ఉండొచ్చు కదండీ" అన్నాను.

"యుద్ధంలో బాంబరు తోక ఖాళీగా ఎగరదు. ఎనకనుంచొచ్చే శత్రువుని సూసేవోడు అక్కడే కూకోవాల." ఆయన ఆ రంధ్రాలను వేలితో తడిమారు. "ఎనిమిదో మనిసున్నాడు సెల్లెమ్మా. ఎనబై ఏల్లు ఆడిని పస్తెట్టీసినాం."

పైడమ్మకు సంగతంతా చెప్పాం. ధర ఎంతని నేను అడిగితే కసిరింది. "మనిసి కూకున్నదానికి దరేటమ్మా. తెలీక ఇన్నాల్లూ చింతపండెట్టినాను, నాకది సాలు." కానీ ఖాళీ పళ్లెం చేత్తో ఇవ్వకూడదని, రెండు దోసిళ్ల చింతపండు అందులో వేసి మరీ ఇచ్చింది. బస్సులో నాయుడుగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పక్కనాయన చింతపండు కిలో ఎంతకిచ్చారని అడిగితే ఈయనకు వినపడలేదు. నేనే రెండొందలని అబద్ధం చెప్పాను.

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. రమణమ్మగారు బతిమాలింది. "ఆడి సంగతి తేలినాకే తింటాను" అన్నారు. ఎల్లుండే అమావాస్య. తాత లేడు, తండ్రి లేడు. తండ్రి పోయేనాటికి ఈయన ఎక్కడో ఉత్తరాన ఉద్యోగంలో ఉన్నారు, ఏడాకులు వెయ్యమన్న మాట తప్ప మరేమీ ఈయన దాకా రాలేదు. ఆ రోజును చూసినవాళ్లలో మిగిలింది ఒక్కరే. నరసన్నపేట పక్క పల్లెలో ఉన్న మేనత్త గౌరమ్మ.

నరసన్నపేట కళ్లంలో

పొద్దున్నే బయల్దేరాం. విజయనగరం నుంచి శ్రీకాకుళం బస్సు, అక్కడ మరో బస్సు. నాగావళి మీద వంతెన ఎక్కేసరికి నది కనపడలేదు, దాని మీద మంచు మాత్రం నదిలాగే మెల్లగా కదులుతోంది. వంతెనకు అవతలి ఒడ్డు ఉందో లేదో అనిపించింది. నాయుడుగారు కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెడుతున్నారని తర్వాత అర్థమైంది.

నరసన్నపేటలో హోటలు భోజనం నూట ఇరవై. ఆయన టీ తాగి ఊరుకున్నారు. నిరాహారంగా ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని తినడం ఎంత కష్టమో నాకు తెలియాలనే కాబోలు, ఆ రోజు వడ్డన కూడా ఘనంగా ఉంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర, ఉల్లిపాయలేసిన తియ్యటి పులుసు. మావైపు పులుసులో అంత బెల్లం వేస్తే వంటమనిషిని మార్చేస్తారు. ఇక్కడ అదే రుచి. వ్రతం ఆయనది, ఆకలి నాది. సిగ్గుపడ్డాను కానీ రెండోసారి వడ్డించుకున్నాను.

పల్లెకు ఆటోలో వెళ్లేసరికి ఎండొచ్చింది. గౌరమ్మ కళ్లంలో ఆరబోసిన ధాన్యం పక్కన పీట వేసుకుని, పొడుగాటి వెదురుకర్రతో కోళ్లను తోలుతోంది. ఎనభై తొమ్మిదేళ్లు. మేనల్లుడిని చూసి "ఎండిపోనావేట్రా, పెల్లాం కూడెట్టడం లేదేటి?" అంది. నన్ను చూసి "ఈవిడెవులు?" అంది. రేపల్లె టీచరని చెబితే, రేపల్లె ఏ జిల్లా అని అడగలేదు, కాళ్లకేమైందని అడిగింది. కొత్త చెప్పులన్నాను. ఇప్పేసి ధాన్యం మీద నడవమంది. నడిచాను. వెచ్చగా, గరుకుగా, అరికాళ్లకు హాయిగా ఉంది.

నాయుడుగారు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నారు. "అత్తా, ఆయాల కొండ మీద విమానంలో ఎంతమందున్నారు?"

"ఎనమండుగురు" అంది, కోళ్ల మీదనుంచి కళ్లు తిప్పకుండా.

ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగారు. "మరి తాత ఏడాకులే ఎందుకేసినాడు?"

"ఏడుగురే పోనారు కాబట్టి."

అప్పుడు ఆమె తనంతట తనే చెప్పుకొచ్చింది, ఆగుతూ, కర్ర కదుపుతూ.

"నాకు తొమ్మిదేల్లుంటాయి. మంచు ముసురుకున్నాది. మా నాయిన ఎనకాల నానూ కొండెక్కినాను, ఒద్దన్నా ఇన్నేదు. ముందు ముక్క కాడ ఏడుగురున్నారు. ఆ సంగతి సెప్పను. తోక ఇరిగి దూరంగా మద్దిసెట్టు కొమ్మల్లో ఇరుక్కున్నాది. అందులో ఒకడు కుర్చీకి కట్టీసున్నాడు. కల్లు తెరిసే ఉన్నాయి. నాయిన కొడవలెట్టి ఆ పట్టీ కోసీసి బుజాన ఏసుకుని దించినాడు. నులక మంచం మీద నలుగురు మోసినారు, కోట రోడ్డు దాకా. నాను అంబలి ముంత పట్టుకోని పక్కన నడిసినాను."

"తాగాడా అండీ?" అన్నాను.

"మొకం చిట్లించినాడు. మల్లీ తాగినాడు. తోవంతా నా వేలు ఒగ్గలేదు. మిలట్రీ లారీ ఎక్కించినప్పుడు ఒగ్గినాడు." ఆ వేలేదో చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు, ఒక కోడిని అదిలించింది.

"మల్లీ కబురేటైనా వచ్చినాదా?" అన్నారు నాయుడుగారు.

"ఎలాగొస్తాది? ఆడికి మా ఊరి పేరు తెల్దు, మాకు ఆడి పేరు తెల్దు. నాయిన ఒకటే అన్నాడు. ఆడు పేనంతో ఎల్లినాడు, పోనాడని కబురొచ్చేదాకా ఆకెయ్యొద్దన్నాడు. బతికున్నోడికి ఆకేస్తే ఆడి ఆయుస్సు మనం తీసినట్టే కదా."

"మా నాన్న నాకు ఏడనే సెప్పినాడత్తా. ఎందుకేడో సెప్పలేదు."

"ఆడికి తెలుసు కాబట్టి నీకూ తెలుసుననుకున్నాడు."

"నువ్వైనా సెప్పలేదేటి మరి?"

"నన్నెవులడిగినారు?" అంది గౌరమ్మ. "పెల్లయి ఎల్లిపోయిన ఆడగుంటని. ఆకుల లెక్క మగోల్లది. ఎనిమిదని ఎవులైనా వచ్చి అడిగితే సెప్దునే." కోపంగా అనలేదు. నాకు మాత్రం కోపమొచ్చింది. ఆరేళ్లు ఇల్లిల్లూ తిరిగి తొట్లూ మూతలూ అడిగిన పెద్దమనిషి, సొంత మేనత్తను ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి మొహాన అనేశాను కూడా. నాయుడుగారు తలొంచుకుని, నిజమే సెల్లెమ్మా అన్నారు.

దాంతో అయిపోయిందా అంటే కాలేదు. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. "ఇప్పుడుంటే నూరు దాటిపోతాయి అత్తా. ఏ ఊల్లోనో ఎప్పుడో పోయుంటాడు. ఆకెయ్యకపోతే పస్తెట్టినట్టే" అన్నారాయన.

"నువ్వెల్లి సూసొచ్చినావేటి?"

"లేదు."

"మరి?"

ఆకు వేస్తే బతికున్నవాడిని చంపినట్టు, వెయ్యకపోతే పోయినవాడిని మాడ్చినట్టు. ఆయనకు ఎటూ తోచలేదు. గౌరమ్మకూ తోచిందో లేదో తెలియదు. కర్ర కోడలి చేతికిచ్చి, "నానూ వస్తాను. బండి మాటాడు" అంది. పెళ్లయ్యాక ఆ అమావాస్యకు ఆమె పుట్టింటికి వెళ్లడం అదే మొదటిసారట.

బండ దగ్గర అమావాస్య

పొద్దున ట్రాక్టరు తొట్టిలో విమానం ముక్కును ఎక్కించారు, ఇంకో ట్రాక్టరులో తోక. తోకలో ఆ పాత కుర్చీని నాయుడుగారు తెల్లవారకముందే బిగించారు, నాలుగు బోల్టులూ తనే. కోసేసిన మడుల మధ్య దారిలో బయల్దేరాం. మంచు భుజాలెత్తున పరుచుకుని ఉంది. ట్రాక్టర్లు అందులో మునిగిపోయి, విమానం ఒక్కటే పైకి తేలి, నెమ్మదిగా, చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా కొండవైపు పోతోంది. జనం దాని వెనక నడిచారు. ఎనభై ఏళ్ల కిందటి ఆ పొద్దున ఇంకా ముగియలేదనీ, మేమందరం దాని లోపలే నడుస్తున్నామనీ అనిపించింది. ఒకచోట టైరు బురదలో దిగబడితే పదిమంది భుజం పట్టారు. నేను కూడా పట్టాను, చీర పాడైంది.

మధ్యాహ్నానికి మంచు పూర్తిగా పోయింది. బండ కడిగి ముగ్గేశారు. నాయుడుగారు ఆకులు ఒక్కొక్కటే వేశారు. ఏడూ వేశారు. ఎనిమిదో ఆకు చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని నిలబడిపోయారు. రెండు రోజులుగా అన్నం లేని మనిషి, ఎండలో ఊగుతున్నారు. ఊరంతా ఆ ఆకునే చూస్తోంది.

గౌరమ్మ వచ్చి ఆ ఆకు తీసుకుని పక్కన పెట్టేసింది. "కంచం తే" అంది రమణమ్మగారితో. స్టీలు కంచం తెచ్చారు. అన్నం పెట్టి, దప్పళం పోసి, గారెలూ గుడ్డూ వేసి, ఇంకో కంచం తీసుకుని దానిమీద బోర్లించింది. నా భుజం పట్టుకుని తోక దాకా నడిచింది. ఆ పాత కుర్చీలో కంచం పెట్టి, ఒక చెంబుతో నీళ్లు పెట్టింది.

"ఇంటికి రావాల్సినోడు ఇంకా రాకపోతే మనమేటి సేస్తాం? మూతేసి ఉంచుతాం. అంతే కదా" అంది మేనల్లుడితో. "ఇందులో అంత ఏడవడానికేటున్నాది?"

నాయుడుగారు నిజంగానే ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. రమణమ్మగారు ఆయన్ను బండ పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టింది. మొదటి ముద్ద గొంతులో పడి దగ్గొచ్చింది, తర్వాత గబగబా తిన్నారు. ఊరంతా విమానం చుట్టూ కూర్చుని తిన్నాం. ఎవరి తొట్టి పక్కన వాళ్లు, ఎవరి మూత పక్కన వాళ్లు. గౌరమ్మ తోక నీడలో కూర్చుని ఆ కంచం మీదకు ఈగలు రాకుండా విసిరింది.

తిని చెయ్యి కడుక్కుని వచ్చి నాయుడుగారు అడిగారు. "వచ్చే ఏడూ ఇలాగేనా అత్తా?"

"ఇలాగే. నాను లేపోయినా. నువ్వు లేపోయినా."

ఆయన జేబులోంచి ఫోను తీశారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురికి చేశారు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆకుల సంగతి ఆమెకు ఇంతవరకు చెప్పలేదట. ఆడపిల్లకెందుకనుకున్నారట.

"అమ్మా, పనిలో ఉన్నావా? ఒక్క మాట ఇను. ఏడు ఆకులు, ఒక కంచం. కంచానికి మూత. మర్సిపోకు" అన్నారు. అవతల్నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. "ఎందుకంటే..." అని మొదలుపెట్టి, మద్దిచెట్టు దాకా వచ్చి ఆగిపోయారు. అక్కడినుంచి చెప్పాల్సింది కళ్లారా చూసిన మనిషే.

గౌరమ్మ విసరడం ఆపి చెయ్యి చాచింది. "ఇలా తే."

ఫోను ఎటు పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పితే నేను సరిచేసి చెవి దగ్గర పెట్టాను.

"ఒసే, నాను మీ నాన్న మేనత్తని, గౌరమ్మని. ఎందుకని నువ్వడిగినావు కదా, నాను సెప్తాను" అంది. "నిలబడున్నావా? కూకో. పొడుగ్గా ఉంటాది."